పిల్లల ఆపరేషన్లు, రక్తం ఎక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల శస్త్రచికిత్సల్లో రక్తం ఎప్పుడు ఎక్కించాలి, ఎంత ఎక్కించాలి, ఎక్కించకుండా గట్టెక్కే దారి ఉందా అన్నదే నా పరిశోధన. ఇక్కడ ఉన్న ప్రశ్నల్లో కొన్ని ఆపరేషన్ గది బయట కూర్చున్న తల్లిదండ్రులు అడిగినవి, కొన్ని కొత్తగా చేరిన వైద్య విద్యార్థులు అడిగినవి. ఇద్దరికీ వేర్వేరు జవాబులు రాయాలని నాకు అనిపించలేదు. మీ బిడ్డ విషయంలో నిర్ణయం మాత్రం బిడ్డను దగ్గరుండి చూస్తున్న వైద్యులదే.

పెద్దవాళ్లకు ఎక్కించినట్టే పిల్లలకూ ఎక్కిస్తారు కదా, ఇందులో ప్రత్యేకంగా పరిశోధించడానికి ఏముంది?

అంతా కొలతలోనే ఉంది. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. నెలలు నిండి పుట్టిన శిశువులో కిలో బరువుకు 80 నుంచి 90 మిల్లీలీటర్లు. అంటే 3 కిలోల బిడ్డ ఒంట్లోని రక్తమంతా కలిపి ఒక గ్లాసు నీళ్లంత, దాదాపు 250 మిల్లీలీటర్లు. అందులో 25 మిల్లీలీటర్లు పోతే పదో వంతు పోయినట్టు. అదే పెద్దవారిలో అర లీటరు పోవడంతో సమానం. ఆపరేషన్ బల్ల మీద 25 మిల్లీలీటర్లంటే నాలుగైదు గాజుగుడ్డలు తడవడమే, చూసేవారికి అది నష్టంగానే కనిపించదు.

ఆపరేషన్ ఊసు లేకపోయినా ఈ లెక్క వెంటాడుతుంది. కిలో బరువుతో పుట్టిన బిడ్డ నుంచి పరీక్షకు 2 మిల్లీలీటర్ల రక్తం తీస్తే, పెద్దవారి నుంచి 100 మిల్లీలీటర్లు తీసినంత పని. రోజుకు రెండు మూడు పరీక్షలు రాస్తే వారం తిరిగేసరికి ఆ బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తుంది. పుట్టిన తొలి వారాల్లో శిశువులకు ఎక్కించే రక్తంలో చాలా భాగం మనమే సూదితో తీసిన రక్తానికి బదులు. అందుకే మా దగ్గర చేరిన ప్రతి విద్యార్థికీ మొదట చెప్పేది ఇదే: పరీక్ష రాసే ముందు బిడ్డ బరువు చూడండి.

ఇంకో తేడా గుండె తీరులో ఉంది. రక్తం పోతున్నకొద్దీ పిల్లల గుండె వేగం పెంచుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఒంట్లోని రక్తంలో దాదాపు 30 శాతం పోయేదాకా రక్తపోటు నిలబడే ఉండవచ్చు. రక్తపోటు పడిపోయిందని తెలిసేసరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది. కాబట్టి గుండె వేగం, చర్మం రంగు, చేతులు కాళ్ల చల్లదనం, మూత్రం పరిమాణం, ఇవన్నీ ఒక కంట కనిపెట్టి ఉండాలి.

హిమోగ్లోబిన్ ఎంతకు పడితే రక్తం ఎక్కించాలి?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చాలా కాలం వైద్యులు 10 గ్రాములను గీతగా పెట్టుకున్నారు. దాని కిందికి దిగితే ఎక్కించడమే. ఆ గీతకు ఆధారం పిల్లల మీద చేసిన అధ్యయనం ఏదీ కాదు, అలవాటు.

ఆ అలవాటును నిలదీసిన అధ్యయనాల్లో నేను ఎప్పుడూ తలుచుకునేది కెనడాకు చెందిన జాక్ లాక్రవా బృందం 2007లో ప్రచురించినది. తీవ్ర చికిత్సా విభాగంలో ఉన్న 637 మంది పిల్లలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 7 గ్రాములకు పడితేనే ఎక్కించారు, రెండో జట్టుకు 9.5కి పడగానే ఎక్కించారు. అవయవాలు దెబ్బతిన్న పిల్లలు రెండు జట్లలోనూ 12 శాతమే. చనిపోయిన వారి సంఖ్య కూడా రెండింటిలో ఒకటే, 14. తేడా వచ్చింది ఎక్కించిన రక్తంలో: 7 దాకా ఆగిన జట్టులో సగానికి పైగా పిల్లలకు ఒక్క చుక్క కూడా ఎక్కించాల్సిన పని పడలేదు. రెండో జట్టులో అలా తప్పించుకున్నది 2 శాతం.

ఆ ఫలితం చదివి మర్నాటి నుంచే అందరికీ 7 అని గీత గీసేవారు ఉన్నారు. అది కూడా తప్పే. ఆ అధ్యయనంలోకి తీసుకున్నది నిలకడగా ఉన్న పిల్లలను. రక్తం ఇంకా కారుతున్నవారు, రక్తపోటు నిలవనివారు, నీలిరంగుకు తిరిగే గుండె జబ్బు ఉన్నవారు అందులో లేరు. 2018లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన సిఫారసులు ఈ విషయాన్ని జాగ్రత్తగా విడదీశాయి. తీవ్ర అనారోగ్యంతో ఉన్న పిల్లల్లో 5 గ్రాముల కంటే తక్కువైతే ఎక్కించాలి. నిలకడగా ఉండి 7 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఎక్కించనక్కరలేదు. 5కీ 7కీ మధ్య బిడ్డను చూసి నిర్ణయించాలి. పూర్తిగా సరిచేయని గుండె లోపం ఉన్న పిల్లలకు ఈ గీత ఇంకా పైన, 9 దాకా ఉండవచ్చు.

ఆపరేషన్ మధ్యలో ధారగా కారుతుంటే ఇవేవీ వర్తించవు. రక్తం వేగంగా పోతున్నప్పుడు హిమోగ్లోబిన్ అంకె కాసేపు మామూలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే మిగిలిన రక్తం ఇంకా పలచబడలేదు. అక్కడ అంకె కోసం ఎదురుచూడడం ప్రమాదం.

మా పాపకు 2 నెలలు. హిమోగ్లోబిన్ 10 మాత్రమే ఉంది. హెర్నియా ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించాలా?

ఆరోగ్యంగా ఉన్న పాపకు అక్కరలేదు. పుట్టినప్పుడు 17 గ్రాముల దాకా ఉండే హిమోగ్లోబిన్ 8 నుంచి 12 వారాల వయసులో 9, 10, 11కి దిగడం సహజం. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ పోయి కొత్తది తయారయ్యే మధ్యకాలం అది. తర్వాత దానంతట అదే పెరుగుతుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి?

వీరి గీత వేరు. వయసు వారాలను బట్టి, ఊపిరికి యంత్రం అవసరమా కాదా అన్నదాన్ని బట్టి మారుతుంది. 2020లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు, ఒకదానిలో 1,824 మంది, ఇంకోదానిలో 1,013 మంది, కిలో లోపు బరువుతో పుట్టిన శిశువులను రెండేళ్ల వయసు దాకా గమనించాయి. ఎక్కువ హిమోగ్లోబిన్ ఉంచితే మెదడు ఎదుగుదల బాగుంటుందని చాలామంది ఆశించారు. నేనూ అలాగే అనుకున్నాను. రెండు అధ్యయనాల్లోనూ తేడా కనిపించలేదు.

ప్లేట్‌లెట్ల కథ ఇంకా ఆలోచింపజేసేది. 2019లో 660 మంది శిశువుల మీద వచ్చిన అధ్యయనంలో, ప్లేట్‌లెట్లు 50 వేలకు పడగానే ఎక్కించిన జట్టులో మరణం లేదా పెద్ద రక్తస్రావం 26 శాతం మందిలో జరిగింది. 25 వేల దాకా ఆగిన జట్టులో 19 శాతం. రక్తస్రావాన్ని ఆపడానికి ముందుజాగ్రత్తగా ఇచ్చినదే ఎక్కువ హాని చేసింది. ‘ఇస్తే పోయేదేముంది’ అనే మాట వార్డులో వినిపించినప్పుడల్లా నేను ఈ రెండంకెలు చెబుతాను. అయితే ఇవి ఆపరేషన్ లేని రోజుల్లో ముందుజాగ్రత్తకు సంబంధించినవి. ఆపరేషన్‌కు తీసుకెళ్లే శిశువుకు ప్లేట్‌లెట్లు అంతకంటే ఎక్కువే ఉండాలని చూస్తారు.

ఏయే ఆపరేషన్లలో రక్తం అవసరం పడుతుంది?

హెర్నియా, వృషణం కిందికి దించడం, జీర్ణాశయం నుంచి పేగులోకి వెళ్లే ద్వారం మూసుకుపోతే విడదీయడం లాంటి వాటిలో సాధారణంగా పడదు. మూత్రపిండం లేదా కాలేయంలో పెద్ద గడ్డ, తోక ఎముక దగ్గర పుట్టుకతో వచ్చే గడ్డ, వెన్నెముక వంకర సరిచేయడం, గుండెను ఆపి యంత్రం మీద ఉంచి చేసేవి, వీటికి రక్తం సిద్ధంగా పెట్టుకునే మొదలుపెడతారు. తల్లిదండ్రులు ఊహించనిది పుర్రె అతుకులు ముందే మూసుకుపోయిన పసిపిల్లలకు చేసే ఆపరేషన్. నెలల బిడ్డ, తల పెద్దది, తలచర్మంలోనూ ఎముకలోనూ రక్తం ఎక్కువ. కొన్నిసార్లు ఒంట్లోని రక్తంలో సగానికి మించి మార్చాల్సి వస్తుంది.

ఎంత పోతే ఎక్కించాలో ముందే లెక్క కడతారా?

కడతారు, కట్టాలి కూడా. 6 కిలోల బిడ్డను తీసుకుందాం. కిలోకు 80 చొప్పున ఒంట్లో 480 మిల్లీలీటర్లు. హిమోగ్లోబిన్ 12 ఉంది, 8 దాకా దిగినా ఓర్చుకోగలదని అనుకున్నాం. 12లో 4 అంటే మూడో వంతు. 480లో మూడో వంతు 160. అంటే సుమారు 160 మిల్లీలీటర్ల దాకా ఇతర ద్రవాలతో నెట్టుకురావచ్చు. మత్తు వైద్యుడు ఈ అంకెను ఆపరేషన్‌కు ముందే రాసుకుని, శస్త్రవైద్యుడికి వినిపించేలా చెప్పాలని నేను పట్టుబడతాను.

పోయిన రక్తాన్ని కొలవడానికి గాజుగుడ్డలను తూకం వేస్తారు. పొడి గుడ్డ బరువు తీసేస్తే మిగిలిన ఒక్కో గ్రాము సుమారు ఒక మిల్లీలీటరు. పీల్చే సీసాలో పడినదీ కలుపుతారు. కంటి అంచనాను నేను నమ్మను. చేయి తిరిగినవారు కూడా తప్పు లెక్క వేయడం చూశాను.

ఎక్కించేటప్పుడు మామూలు మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల ఎర్రకణాలు. కిలోకు 10 ఇస్తే హిమోగ్లోబిన్ 2 నుంచి 3 గ్రాములు పెరుగుతుంది. తొందర లేకపోతే నెమ్మదిగా, అయినా 4 గంటలు దాటకుండా.

బయటివాళ్ల రక్తం వద్దు, మా రక్తమే ఇస్తాం. కుదరదా?

ఈ మాట వెనక ఉన్న ప్రేమ నాకు తెలుసు. కళ్లనీళ్లతో చేయి చాపి ‘ఎంత కావాలంటే అంత తీసుకోండి’ అన్న తండ్రులను చూశాను. అయినా చాలా సందర్భాల్లో వద్దనే చెబుతాను. కారణాలు వివరంగా చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది.

ఎక్కించిన రక్తంలో దాత తెల్లకణాలు కొన్ని ఉంటాయి. పరాయివారివి అయితే బిడ్డ ఒళ్లు వాటిని గుర్తుపట్టి తుడిచేస్తుంది. తల్లి, తండ్రి, తోబుట్టువులవి అయితే పోలిక దగ్గరగా ఉండడం వల్ల కొన్నిసార్లు బిడ్డ ఒళ్లు వాటిని పరాయివని పసిగట్టదు. కానీ ఆ కణాలు మాత్రం బిడ్డను పరాయిగానే చూస్తాయి. చర్మం, కాలేయం, పేగులు, ఎముక మజ్జ మీద దాడికి దిగుతాయి. ఇది అరుదు, కానీ వస్తే దాదాపు అందరూ చనిపోతారు. అందుకే దగ్గరి బంధువుల రక్తం వాడక తప్పని చోట దాన్ని తప్పనిసరిగా 25 గ్రేల వికిరణానికి (రేడియేషన్‌కు) గురిచేసి, తెల్లకణాలు పెరగకుండా చేశాకే ఇవ్వాలి.

తల్లి విషయంలో ఇంకో చిక్కు ఉంది. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన లక్షణాలకు వ్యతిరేకంగా తల్లి రక్తంలో ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారై ఉండవచ్చు. అవి బిడ్డ కణాలను దెబ్బతీస్తాయి. రేపెప్పుడైనా బిడ్డకు మజ్జ గానీ కాలేయం గానీ మార్చాల్సి వస్తే దాతలయ్యేది మీరే. ఇప్పుడు మీ రక్తం ఎక్కితే బిడ్డ ఒళ్లు మీకు వ్యతిరేకంగా ముందే సిద్ధమయ్యే ప్రమాదం ఉంది.

సొంతవాళ్ల రక్తంలో రోగాల భయం ఉండదన్న నమ్మకం కూడా నిలబడదు. అందరూ చూస్తుండగా రక్తం ఇవ్వడానికి వచ్చిన బంధువు తన ఆరోగ్య విషయాలు దాచే అవకాశం ఎక్కువ. ఎవరి ఒత్తిడీ లేకుండా క్రమం తప్పక ఇచ్చే స్వచ్ఛంద దాత రక్తమే భద్రం. మీ చేయి చాపాలనిపిస్తే రక్తనిధిలో ఇవ్వండి, అది ఇంకో బిడ్డకు చేరుతుంది.

బిడ్డకు ఎక్కిస్తూ తల్లి రక్తం నమూనా ఎందుకు అడుగుతారు?

తొలి నాలుగు నెలల్లో శిశువు రక్తంలో ఉండే ప్రతిరక్షకాలు చాలావరకు తల్లి నుంచి వచ్చినవే. తల్లి నమూనాలో వెతికితే అవి తెలుస్తాయి, బిడ్డ నుంచి మళ్లీ మళ్లీ రక్తం తీయకుండా తప్పుతుంది.

తాజా రక్తమే కావాలని పట్టుబట్టాలా?

వద్దు. 2019లో సుమారు 1,500 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, 7 రోజుల లోపు రక్తం ఎక్కించినా మామూలు వరసలో ఇచ్చే రక్తం ఎక్కించినా ఫలితం ఒకటే అని తేలింది. 2012లో నెలలు నిండని శిశువుల మీద చేసిన మరో అధ్యయనమూ అదే చెప్పింది.

ఒక్క మినహాయింపు ఉంది, అది ప్రాణాలకు సంబంధించింది. నిల్వ ఉన్నకొద్దీ ఎర్రకణాల్లోని పొటాషియం సంచిలోని ద్రవంలోకి కారుతుంది. వికిరణం చేస్తే ఇంకా వేగంగా కారుతుంది. చిన్న మోతాదును గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తే ఏమీ కాదు. శిశువుకు ఆపరేషన్‌లో పెద్ద మోతాదు, అదీ గుండెకు దగ్గరి సిరలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. అలాంటి చోట కొద్ది రోజుల నాటి రక్తం, వికిరణం చేసి 24 గంటలు దాటనిది, లేదా కడిగిన ఎర్రకణాలు అడుగుతాం.

రక్తం ఎక్కించడంలో ప్రమాదాలు ఏమిటి?

సాధారణంగా జ్వరం, దద్దుర్లు. అరుదుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఇది చిన్న ఒంటికి ఎక్కువ ద్రవం వేగంగా పోసినప్పుడు వస్తుంది. సంచిలో రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు బిడ్డ రక్తంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది, చల్లటి రక్తం ఒంటి వేడిని లాగేస్తుంది. పెద్ద మోతాదులో ఇస్తున్నప్పుడు రక్తాన్ని పరికరంతో వెచ్చబెట్టి, కాల్షియం చూసుకుంటూ ఇస్తారు.

నన్ను నిజంగా భయపెట్టేది తప్పు సంచి. ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కడం దాదాపు ఎప్పుడూ పేరు, నంబరు సరిచూడని పొరపాటే. మంచం పక్కన ఇద్దరు సిబ్బంది బిడ్డ చేతి పట్టీని, సంచి మీది చీటీని కలిపి చదవాలి. వారు అలా చదువుతుంటే తల్లిదండ్రులూ వినండి. చదవకపోతే అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

రక్తం అవసరమే రాకుండా చేయవచ్చా?

చాలాసార్లు చేయవచ్చు. నా పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

తొందర లేని ఆపరేషన్ అయితే కొన్ని వారాల ముందే హిమోగ్లోబిన్ చూసి, ఇనుము లోపం ఉంటే మందు ఇచ్చి సరిచేయాలి. ఇంత తేలికైన పని ఎన్నోసార్లు జరగదు, ఎందుకంటే రక్త పరీక్ష ఆపరేషన్‌కు ముందురోజు చేస్తారు. అప్పటికి మందుకు సమయం ఉండదు. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే చౌక మందు పుర్రె, వెన్నెముక, గుండె ఆపరేషన్లలో రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. పెద్ద పిల్లల్లో, కారిన రక్తాన్ని యంత్రంతో కడిగి తిరిగి వారికే ఎక్కించవచ్చు. ఒంటిని వెచ్చగా ఉంచడం కూడా చికిత్సే, చల్లబడిన ఒంట్లో రక్తం సరిగా గడ్డకట్టదు. నెలలు నిండకుండా పుట్టే బిడ్డకు బొడ్డుతాడును కనీసం 30 సెకన్లు ఆగి కత్తిరిస్తే మావిలోని రక్తం బిడ్డకు చేరుతుంది. పరీక్షలకు తీసే రక్తం గురించి పైన చెప్పాను, మళ్లీ చెబుతున్నాను: చిన్న గొట్టాలు వాడి, తక్కువ తీయండి.

ఎక్కించక తప్పకపోతే ఒకే దాత సంచిని నాలుగైదు చిన్న సంచులుగా విడదీసి ఆ బిడ్డకే దాచి ఉంచవచ్చు. మూడుసార్లు ఎక్కించినా దాత ఒక్కరే అవుతారు.

పిల్లల్లో రక్తమార్పిడి ఎప్పుడు మొదలైంది?

1667లో జాన్ బాప్టిస్ట్ డెనీ ఫ్రాన్స్‌లో ఒక 15 ఏళ్ల అబ్బాయికి గొర్రెపిల్ల రక్తం ఎక్కించాడు. అబ్బాయి బతికాడు, అది అదృష్టం. నాకు మనసుకు దగ్గరైన ఘట్టం 1908లో న్యూయార్క్‌లో జరిగింది. ఒక శస్త్రవైద్యుడికి పుట్టిన కొద్ది రోజుల పాపకు రక్తస్రావం ఆగడం లేదు. అలెక్సిస్ కారెల్ వచ్చి తండ్రి మణికట్టు ధమనిని పాప కాలి సిరకు సూదిదారంతో కలిపి కుట్టాడు. ఎంత రక్తం పారుతోందో కొలిచే మార్గం లేదు. పాలిపోయిన పాప చర్మం గులాబీ రంగుకు తిరగడమే కొలత. పాప బతికింది. ఆ జబ్బుకు కారణం విటమిన్ కె లోపమని తర్వాతి దశాబ్దాల్లో తెలిసింది. ఈ రోజు పుట్టగానే ఇచ్చే ఒక్క సూదిమందు దాన్ని అడ్డుకుంటుంది.

1954, 1955లలో మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై, ఎక్కువగా తల్లి లేదా తండ్రి రక్తప్రసరణను బిడ్డకు కలిపి, వారి గుండె, ఊపిరితిత్తులే బిడ్డకు ఆధారంగా ఉండగా గుండె లోపాలను సరిచేశాడు. 45 మందికి అలా చేస్తే 28 మంది ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లారు. ఆపరేషన్ ఒకరికి, ప్రాణాపాయం ఇద్దరికి.

మీ పరిశోధన అంటే పిల్లల మీద ప్రయోగాలు చేయడమా?

ఏది మేలో నిజంగా తేలని చోటే రెండు పద్ధతులను పోల్చి చూస్తాం. ఒకటి మేలని ముందే తెలిస్తే ఇంకోటి ఇవ్వడం నేరం. తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకుంటాం, అర్థం చేసుకునే వయసున్న పిల్లల ఇష్టం కూడా అడుగుతాం. ఎప్పుడైనా వద్దని తప్పుకోవచ్చు, చికిత్సలో తేడా రాదు. అధ్యయనంతో సంబంధం లేని నిపుణుల బృందం మధ్యమధ్యలో లెక్కలు చూసి, హాని కనిపిస్తే ఆపిస్తుంది. ప్లేట్‌లెట్ల అధ్యయనం జరగకపోయి ఉంటే మంచి జరుగుతుందనుకుంటూ హాని చేస్తూనే ఉండేవాళ్లం.

ఇంటికి వెళ్లాక ఏం గమనించాలి?

రెండు వారాల దాకా కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, కారణం లేని జ్వరం, బిడ్డ పాలిపోవడం కనిపిస్తే వెంటనే చూపించండి. ఎక్కించిన కణాలు ఆలస్యంగా విరిగిపోవడం వల్ల అలా జరగవచ్చు.

టీకాల సంగతి చాలామంది మరచిపోతారు. ఎక్కించిన రక్తంలో దాత ప్రతిరక్షకాలు ఉంటాయి, అవి తట్టు, ఆటలమ్మ లాంటి కొన్ని బతికి ఉన్న క్రిముల టీకాలను సరిగా పనిచేయనివ్వవు. ఎక్కించినది ఎర్రకణాలా, ప్లాస్మానా, ప్లేట్‌లెట్లా అన్నదాన్ని బట్టి ఆ టీకాలకు 3 నుంచి 7 నెలల ఎడం ఇవ్వాల్సి రావచ్చు. కడిగిన ఎర్రకణాలకు ఎడం అక్కరలేదు. మిగతా టీకాలు వేళకే వేయించండి. ఏ తేదీన, ఏది, ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించారో ఆసుపత్రిలోనే రాయించుకుని టీకాల కార్డుతో కలిపి ఉంచండి.